మాఘమాసంలో పట్టిన చెమట: ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు ఒక బహిరంగ లేఖ

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో పనిచేస్తున్న డాక్టర్లకు నమస్కారం.

నేను నల్లగొండ జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. వయసు నలభై నాలుగు. వైద్యం చదవలేదు. కానీ చెమట అనే ఒక్క పాఠాన్ని మాత్రం రెండేళ్ళపాటు నా ఒంటి మీదే చదువుకున్నాను. ఆ పాఠంలో మీకు పనికొచ్చే ముక్క ఏదైనా ఉంటుందేమోనని ఈ ఉత్తరం.

మే నెలలో మా వైపు ఎవరికి చెమట పట్టదు? నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల ఎండలో చెమట పట్టకపోతేనే కంగారుపడాలి. అందుకే ఆ మొదటి వేసవి విషయంలో ఎవరినీ తప్పుపట్టను. చాక్‌పీసు నా చేతిలోనే తడిసి బోర్డు మీద గీత పడేది కాదు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే మోచెయ్యి ఆనిన చోటల్లా పిల్లల సిరా అలుక్కుపోయేది. మా అత్తగారు సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. బార్లీ నీళ్ళయ్యాయి, మజ్జిగ అయింది, తాటి ముంజలయ్యాయి. "ఒంట్లో వేడి చేసిందిలే" అని ఇంట్లో తీర్పు చెప్పేశారు. డాక్టరు గారి దగ్గరికి వెళితే ఆయన అదే తీర్పును ఖరారు చేశారు. "ఎండలు కదమ్మా" అని ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బీకాంప్లెక్సు మాత్రలు రాశారు.

వానలు వచ్చాయి, పోయాయి. చలికాలం వచ్చింది. చెమట మాత్రం పోలేదు. మాఘమాసంలో చెరువుగట్టు జాతరకు వెళ్ళాం. తెల్లవారుజామున అందరూ దుప్పట్లు కప్పుకుని వణుకుతుంటే నేను కొంగుతో విసురుకుంటూ నిలబడ్డాను. జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. "అగ్నిగుండాలు నువ్వే తొక్కివచ్చావా?" అని మా ఆడపడుచు వేళాకోళం చేసింది. ఆ పాటికే తొమ్మిది కిలోలు తగ్గాను. తినడం తగ్గించి కాదు, మామూలుకంటే ఎక్కువే తింటున్నాను. స్టాఫ్ రూములో తోటి టీచర్లు ఏ డైటో చెప్పమని వెంటపడేవారు. రాత్రి పడుకుంటే గుండె చప్పుడు దిండులోంచి వినపడేది.

రెండో డాక్టరు టెన్షన్ తగ్గించుకోమని నిద్ర మాత్ర రాశారు. మూడో డాక్టరు, నెలసరి ఆగే ముందు ఈ వయసులో ఇలాగే ఉంటుందన్నారు. ఈ మూడు సమాధానాల్లో ఏదీ అసంబద్ధం కాదు. ఎండకూ చెమట పడుతుంది, దిగులుకూ పడుతుంది, నెలసరి ఆగేటప్పుడూ పడుతుంది. అందుకే అవి ప్రమాదకరం. లెక్క చేయకుండానే జవాబు సరిగ్గా ఉన్నట్టు కనిపిస్తే పిల్లవాడు అక్కడితో ఆగిపోతాడు. ముగ్గురిలో ఒక్కరూ నా నాడి లెక్కపెట్టలేదు, మెడ మీద చెయ్యి వేసి చూడలేదు.

చివరికి జబ్బు దొరికింది కూడా కత్తిపీటకు వేలు తెగడం వల్ల. కట్టు కట్టడానికి వచ్చిన కుర్ర డాక్టరు నా చెయ్యి వణకడం చూసింది. "రెండు చేతులూ చాపండి, మేడమ్" అంది. చాచిన వేళ్ళ మీద ఒక తెల్ల కాగితం పరిచింది. ఆ కాగితం గాలికి ఊగే రావి ఆకులా వణికింది. ఖర్చు ఒక కాగితం, సమయం అర నిమిషం. రక్తపరీక్షలో, థైరాయిడ్ సంగతి చెప్పే టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ వచ్చింది. సాధారణంగా అది 0.4కూ 4కూ మధ్య ఉండాలట.

లెక్కల టీచరును కనుక నాకు ఇందులో విలోమానుపాతం నచ్చింది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, టీఎస్‌హెచ్ అనే హార్మోను పంపి, మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథిని పని చేయమంటుంది. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఇక చాలని టీఎస్‌హెచ్‌ను తగ్గించేస్తుంది. అందుకే టీఎస్‌హెచ్ పడిపోయిందంటే సాధారణంగా థైరాయిడ్ పెచ్చుమీరిందని అర్థం. నా ఒంట్లో ఆ గ్రంథిని రెచ్చగొడుతున్నది పిట్యూటరీ కాదు, నా రోగనిరోధక వ్యవస్థే తయారు చేస్తున్న యాంటీబాడీలు. దీన్ని గ్రేవ్స్ వ్యాధి అంటారు. 1835లో ఐర్లండు వైద్యుడు రాబర్ట్ గ్రేవ్స్ దీన్ని వర్ణించాడు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే ఒంట్లోని కణాలన్నీ ఇంధనాన్ని దండిగా మండిస్తాయి. ఆ మంట బరువును తినేస్తుంది, పుట్టిన వేడిని బయటికి పంపడానికి చర్మం తడుస్తుంది. అంటే మా అత్తగారు చెప్పిన వేడి అబద్ధం కాదు. అది సబ్జా గింజలకు లొంగే వేడి కాదు, అంతే. (మా జిల్లాలో ఏ జబ్బునైనా ఫ్లోరైడ్ నీళ్ళ మీదికి నెట్టడం అలవాటు. నాదీ అలాగే నెట్టారు. ఫ్లోరైడ్ చేసిన పాపాలు చాలా ఉన్నాయి గానీ, ఇది దాని ఖాతాలోది కాదు.)

థైరాయిడ్ హార్మోను తయారీని తగ్గించే కార్బిమజోల్ మొదలుపెట్టాక మందు పట్టడానికి కొన్ని వారాలు పట్టింది. అంతవరకు దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనొలాల్ ఇచ్చారు. గొంతు నొప్పి, జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే తెల్లరక్తకణాలు లెక్కపెట్టించుకోవాలని ఆ కుర్ర డాక్టరు నా చీటీ మీద ఎర్ర సిరాతో రాసింది. ఎర్ర సిరాతో రాసినందుకు ఒక టీచరుగా ప్రత్యేకంగా సంతోషించాను.

ఇక నా ఫిర్యాదులోని రెండో సగం. దీన్ని చదివి రేపటి నుంచి చెమట అన్న ప్రతివారికీ థైరాయిడ్ పరీక్ష రాయవద్దు. మా మేనకోడలి కథ వినండి. మా పుట్టింటివారు పుట్టపాక వైపు నేతవారు. అన్నయ్య కూతురికి ఏడేళ్ళ వయసు నుంచి అరచేతుల్లో, అరికాళ్ళలో చెమట. చేతిరుమాలు పిండితే నీళ్ళు కారుతాయి. పట్టు నూలు ముట్టుకుంటే రంగు చెడుతుందని మగ్గం గదిలోకి రానివ్వరు. ఆ అమ్మాయికి మూడుసార్లు థైరాయిడ్ పరీక్ష చేశారు. మూడుసార్లూ బాగానే ఉంది. పట్నంలో ఒక ల్యాబు వాళ్ళు ఒంట్లోని సమస్తాన్నీ కలిపి ప్యాకేజీ అని వేలు గుంజారు. ఆ పిల్లకు హార్మోన్ల లోపం ఏమీ లేదు. చెమట రెండు చేతులకూ సమానంగా పడుతుంది, చిన్నప్పుడే మొదలైంది, మా నాన్నకూ అలాగే ఉండేది, నిద్రపోతే చేతులు పొడిగా ఉంటాయి. ఇది చెమట గ్రంథులకు వెళ్ళే నరాలు అతిగా స్పందించడం, దీని పేరు హైపర్‌హైడ్రోసిస్. దానికి మందు వేరు. రాత్రి పొడి చేతులకు రాసే అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం ఉంది. నీళ్ళలో చేతులు పెట్టి అతి తక్కువ విద్యుత్తు పంపే చికిత్స ఉంది. ఇంకా కావాలంటే బోటులినం ఇంజెక్షన్లున్నాయి. అది రోగమని, దానికి పేరుందని చెప్పిన డాక్టరు మాత్రం పదేళ్ళలో ఒక్కరూ దొరకలేదు.

అవసరం లేని పిల్లకు మూడుసార్లు సూది గుచ్చారు, అవసరమైన నాకు ఒక్కసారీ గుచ్చలేదు. రెండు తప్పులకూ మూలం ఒకటే, అడగకపోవడం. చెమట ఒంట్లో ఎక్కడ పడుతోంది? ఎప్పుడు మొదలైంది? నిద్రలో కూడా పడుతోందా? ఏ మాత్రలు వాడుతున్నారు, ఏ ఆపరేషన్లు అయ్యాయి? అరచేతుల్లోనే అయితే, చిన్నప్పటి నుంచే అయితే, ఒక దారి. ఒళ్ళంతా అయితే, పెద్దయ్యాక కొత్తగా మొదలైతే, రాత్రి పక్క తడిస్తే, బరువు తగ్గితే, అది ఇంకో దారి. ఓపీ గది ముందు ఎంత పెద్ద వరుస ఉంటుందో నాకు తెలుసు, నేనూ ఆ వరుసలో నిలబడ్డాను. అయినా ఈ ప్రశ్నలకు రెండు నిమిషాలు చాలు.

ఏ మాత్రలు వాడుతున్నారన్న ప్రశ్న ఎంత ముఖ్యమో మా స్కూల్లోనే చూశాను. నాతో పనిచేసే ఒక టీచరుకు నాకు భిన్నంగా థైరాయిడ్ తక్కువ. ఎప్పుడో ప్రసవం తర్వాత వంద మైక్రోగ్రాముల థైరాయిడ్ హార్మోను మాత్ర రాశారు. అయిదేళ్ళుగా అదే చీటీ చూపించి మందుల షాపులో కొనుక్కుంటోంది, పరీక్ష ఊసే లేదు. ఆమెకూ చెమటలు, దడ. నా గోల విని పరీక్ష చేయించుకుంటే, మాత్ర మోతాదు ఎక్కువై నాకున్న అవస్థే మాత్రతో కొని తెచ్చుకుంటోందని తేలింది. మోతాదు తగ్గించారు. అన్నట్టు, జుట్టు రాలకుండా వాడే బయోటిన్ మాత్రలు ఒంట్లో ఉంటే థైరాయిడ్ పరీక్ష తప్పుగా చూపించవచ్చు. రక్తం ఇచ్చే ముందు కొన్ని రోజులు వాటిని ఆపాలని ఆడవాళ్ళకు చెప్పేవారు లేరు.

మా చిన్నాన్న కథ అచ్చంపేట వైపుది. ఆయనకు షుగరు, గ్లిమిపిరైడ్ మాత్ర వాడతాడు. శివరాత్రి ఉపవాసం ఉండి, మాత్ర మాత్రం మానకూడదని వేసుకున్నాడు. సాయంత్రానికి ముచ్చెమటలు పోశాయి. మాట తడబడింది. గుండెపోటు అనుకుని ఆటోలో ఇరవై కిలోమీటర్లు తీసుకెళ్ళారు. అక్కడ చూస్తే షుగరు 42. ఆటోలో వాళ్ళ ఒడిలో ఉన్న సంచిలోనే అరటిపళ్ళు, ప్రసాదం బెల్లం ఉన్నాయి. "షుగరు ఉన్నవాడికి తీపి పెడతారా?" అని పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. ఆమె తప్పు కాదు. ఏళ్ళ తరబడి తీపి మానమని మాత్రమే చెప్పారు, ఎప్పుడు తినాలో చెప్పలేదు. షుగరు 70 కన్నా తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి, స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు. ఉపవాసాలకూ రంజాన్ రోజాలకూ ముందు మాత్ర మోతాదు గురించి అడిగి తెలుసుకోవాలి. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. వాళ్ళలో కొందరికి నిద్రలోనే షుగరు పడిపోయి, తెల్లవారేసరికి తడిసిన పక్క, తలనొప్పి మిగులుతాయి. బీపీకి, గుండెకు ప్రొప్రనొలాల్ జాతి మాత్రలు వేసుకునేవారికి షుగరు పడినప్పుడు దడ, వణుకు సరిగా తెలియవు. వాళ్ళకు మిగిలే హెచ్చరిక చాలాసార్లు చెమటే. దాన్నీ ఎండ ఖాతాలో వేస్తే ఇక మిగిలేదేమీ లేదు.

అరుదైనవి కూడా ఉన్నాయి. మీరు చదివే ఉంటారు కాబట్టి ఎక్కువ రాయను. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో ఒక రకం కణితి వస్తే తలనొప్పి, గుండె దడ, చెమట మూడూ కలిసి విడతలు విడతలుగా వచ్చి పోతాయట. వచ్చినప్పుడు బీపీ ఎగబాకుతుంది, ఆస్పత్రికి చేరేసరికి మామూలైపోవచ్చు. ఊళ్ళో ఏఎన్ఎం దగ్గర బీపీ మిషను ఉంది కదా, విడత వచ్చినప్పుడే అక్కడికక్కడ కొలిచి రాసిపెట్టుకోమని చెబితే సగం పని అయినట్టే. మిగతా సగం, ఆ గ్రంథి హార్మోన్లు విరిగితే మిగిలే మెటానెఫ్రిన్లను ఇరవై నాలుగు గంటల మూత్రంలో కొలిచే పరీక్ష. పిట్యూటరీ నుంచి పెరుగుదల హార్మోను ఎక్కువైతే చెమటతోపాటు చేతులు, పాదాలు, దవడ పెరుగుతాయి. అది ఎంత మెల్లగా జరుగుతుందంటే ఇంట్లోవారికి తెలియదు. ఉంగరం బిగిసిందా, చెప్పుల సైజు మారిందా అని అడగండి. పెళ్ళి ఫొటో తెమ్మనండి.

చెమటంతా హార్మోన్లదే అనడం కూడా ఎండదే అన్నంత తప్పు. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమట ఉంటే ముందు క్షయ పరీక్ష జరగాలి. ఛాతీ బిగుసుకుని చల్లటి చెమట పడితే ప్రశ్నలు ఆపి ఈసీజీ తీయాలి. పత్తి చేలో మందు కొట్టి వచ్చిన మనిషికి చెమటతోపాటు నోట్లో నీళ్ళు, కళ్ళలో నీళ్ళు కారుతూ కంటిపాప చుక్కలా కుంచించుకుపోయి ఉంటే అది పురుగుమందు విషం. పాలమూరు వైపు ఇంకోటి ఉంది. అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు రోజూ తాగేవారికి అది ఒక్కసారిగా దొరకకపోతే చెమటలు, వణుకు, దడ, ఫిట్స్ వస్తాయి. 2015లో దాడులు జరిగి కల్లు ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్ ఆస్పత్రులు చూసింది ఇదే. చాచిన వేళ్ళ మీద కాగితం వాళ్ళకూ వణుకుతుంది. కల్లు సంగతి ఆడవాళ్ళు తమంత తాము చెప్పరు, నలుగురి ముందు అడిగితే అసలే చెప్పరు.

అందరికన్నా ఎక్కువగా నన్ను వేధిస్తున్నది మా వదిన. దేవరకొండ దగ్గర పల్లె. ముప్పై రెండేళ్ళకే గర్భసంచి తీయించుకుంది. తెల్లబట్ట, నడుం నొప్పి అని వెళితే, ఉంచితే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారు. పిల్లలు పుట్టేశారు కదా, ఇక దానితో పనేమిటని ఇంట్లోవారూ అన్నారు. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. రెట్టింపు దాటింది. ఏ తరగతిలోనైనా ఒక వరుస పిల్లలకు మాత్రమే ఇలా మార్కులు వస్తే నేను ఆ వరుస దగ్గరికి వెళ్ళి నిలబడతాను.

ఆపరేషనైన కొద్ది వారాలకే వదినకు ఛాతీలోంచి మెడకు, మెడలోంచి మొహానికి ఆవిరి ఎక్కినట్టు వేడి పాకడం మొదలైంది. ఆ తర్వాత చెమట, ఆ తర్వాత చలి. రోజుకు పది, పదిహేనుసార్లు. బతుకమ్మ ఆడుతూ మధ్యలో పక్కకు వచ్చి కూర్చునేది. దేవుడు పూనాడని కొందరు, గాలి సోకిందని కొందరు. అసలు సంగతి అండాశయాలు. గర్భసంచితోపాటు వాటినీ తీసేస్తే ఈస్ట్రోజెన్ రాత్రికి రాత్రి పడిపోతుంది. మామూలుగా మన దేశంలో స్త్రీలకు నెలసరి సగటున నలభై ఆరు, నలభై ఏడేళ్ళకు ఆగుతుంది, అదీ మెల్లగా. ఒంటి వేడిని కాపలా కాసే మెదడు భాగం హైపోథాలమస్. ఈస్ట్రోజెన్ తగ్గితే దాని ఓర్పు సన్నబడుతుంది. ఒంటి వేడి ఇసుమంత పెరిగినా మంటలు లేచినంత హడావుడి చేసి చెమట పట్టిస్తుంది. అండాశయాలను ఉంచినా గర్భసంచి తీసినవారిలో అవి కొన్నేళ్ళు ముందే అలిసిపోవచ్చు. ఆపరేషన్ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్న రోజున మా వదినకు ఈ ముక్క ఒక్కటీ ఎవరూ చెప్పలేదు.

దీనికి చికిత్స లేదా? ఉంది. అంత చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా నెలసరి ఆగే వయసు వరకైనా హార్మోను ఇవ్వడం మంచిదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది చెమట కోసమే కాదు, ఎముకల కోసం, గుండె కోసం కూడా. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే సరిపోతుంది, ఉన్నవారికి ప్రొజెస్టిరాన్ కలపాలి. వదినకు ఎనిమిదేళ్ళలో ఇచ్చినవి క్యాల్షియం మాత్రలు, అవీ ఉన్నప్పుడు.

సౌకర్యాలు లేవని మీరు అనకండి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద ఆరోగ్య కేంద్రంలో తీసిన రక్తం జిల్లా ల్యాబుకు ఉచితంగా వెళుతుంది, థైరాయిడ్ పరీక్ష అందులో ఉంది. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మంగళవారాలు ఆడవారికని చెప్పారు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. నేను అడుగుతున్నవాటిలో కొత్త భవనం కట్టాల్సింది ఒక్కటీ లేదు. పైన రాసిన ప్రశ్నలను ఓపీ చీటీ వెనక అచ్చు వేయించండి. షుగరు మాత్ర రాసిన ప్రతి చీటీ మీద, చెమట పట్టి వణికితే ఏం చేయాలో ఒక్క వాక్యం తెలుగులో రాయండి. థైరాయిడ్ మాత్ర వాడేవారికి తదుపరి పరీక్ష ఏ నెలలోనో రాయండి. గర్భసంచి ఆపరేషన్‌కు సిఫారసు చేసే ముందు, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే తర్వాత ఏమవుతుంది అన్నది ఆ మనిషికి చెప్పండి, చెప్పినట్టు కాగితం ఇవ్వండి.

వచ్చే మంగళవారం మా వదినను మీలో ఒకరి దగ్గరికి తీసుకువస్తున్నాను. ఆమె ఆపరేషన్ కాగితాలు ఇల్లు మారినప్పుడు పోయాయి. తీయించుకున్న చోట అడిగితే పాత రికార్డులు లేవన్నారు. తన ఒంట్లో అండాశయాలు ఉన్నాయో లేవో ఆమెకు తెలియదు. ముందు అది చూసి చెప్పండి, మిగతా మాటలు తర్వాత మాట్లాడుకుందాం.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
నల్లగొండ జిల్లా